తవిటయ్య బొటనవేలు

మా వాయువేగ మోటార్స్‌కి ఆ ఏడు పదకొండు లక్షలు లాభం వచ్చిందని తెలిసిన రోజున ఆఫీసులో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాంటీన్లో గోంగూర పప్పు గిన్నెడూ అలాగే మిగిలిపోయింది. ఎండీ దక్షిణామూర్తి గారు తలుపు వేసుకుని కూర్చున్నారు. ఆడిటరు గారు ఆ గదిలోంచి బయటికొచ్చి, మా మొహాలు చూడలేక నేలచూపులు చూస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

లాభం వస్తే దిగులేమిటని మీరు అడుగుతారు. మీరు కంపెనీ నడపలేదు కాబట్టి అడుగుతారు. నేనూ నడపలేదు గాని, అందులో పింఛన్ల సెక్షన్ గుమాస్తాగా పదమూడేళ్ళు కుర్చీ అరగదీశాను. పేరు లోకనాథం. ఈ సంగతి చెప్పడానికి నాకున్న అర్హత అంతే.

మా కంపెనీ చిన్న సరుకుల వ్యాన్లు తయారుచేస్తుంది. పేరుకి వాయువేగమే గాని, చేపల బుట్టలు నింపుకుని ఘాటు రోడ్డెక్కిందంటే వెనకాల నడిచి వచ్చేవాళ్ళు దాన్ని దాటిపోతారు. అయినా గట్టి బండి. బండికి నాలుగు వేలు మిగిలేది. రిటైరైన మూడు వందల పన్నెండు మందికి మాత్రం ఆరు నెలలుగా పింఛను లేదు. పింఛను నిధిలో డబ్బు ఊరికే మూలుగుతోందని ఎండీ గారు దాంతో ఆఫీసుకి అద్దాల భవనం కట్టించారు. పింఛను ఏదీ అని ఎవరైనా అక్కడికొస్తే వాళ్ళ మొహమే వాళ్ళకి కనపడేది.

సరిగ్గా అప్పుడే సర్కారు వారి ఖాయిలా పరిశ్రమల ఉద్ధరణ శాఖ ‘ప్రాణదాత’ అనే పథకం పెట్టింది. వృద్ధ కార్మికుడు కంట తడి పెట్టరాదన్నది ప్రభుత్వ సంకల్పమట. నిబంధనలు రెండే. ఒకటి, కంపెనీ నష్టంలో ఉండాలి. రెండు, పింఛనుదారులకి కంపెనీ ఎంత బాకీ ఉంటే అంతకి రెట్టింపు సర్కారు ఏటా కంపెనీకి ఇస్తుంది. ఇప్పటిదాకా ఎగ్గొట్టిందే కాదు, వాళ్ళు బతికినన్నాళ్ళూ ఇవ్వబోయేది కూడా బాకీ కిందే లెక్క. ఆ వచ్చిన డబ్బుతో కంపెనీ ఏం చెయ్యాలో రాయడం మాత్రం మరిచిపోయారు. అది రాసే గుమాస్తా ఆ రోజు సెలవులో ఉన్నాడని తర్వాత విన్నాను.

అలాంటి సమయంలో మాకు పదకొండు లక్షలు లాభం. ఈ పని ఎవరు చేశారని విచారణ వేశారు. మూడు రోజుల్లో దోషి దొరికాడు. సేల్స్ మేనేజరు భానోజీ. చేపల వ్యాపారుల సంఘానికి ఒకే దెబ్బన రెండు వందల డెబ్బై అయిదు బళ్ళు అమ్మేశాడు. ‘సంస్థ ప్రయోజనములకు భంగము వాటిల్లునని తెలిసియుండియు లాభార్జనకు పాల్పడినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను’ అని మెమో ఇచ్చారు. భానోజీ ఏడుపు మొహంతో వచ్చి, తాను ఎవరినీ బతిమాలలేదనీ, వాళ్ళంతట వాళ్ళే వచ్చి కొనుక్కుపోయారనీ రాసిచ్చాడు. మొదటి తప్పు కదా అని క్షమించి, వచ్చే ఏడు బండి బండికీ నష్టం చూపించాలన్న షరతు మీద వదిలేశారు.

భానోజీ మాట నిలబెట్టుకున్నాడు. బండికి ఐసు పెట్టె ఉచితం, రెండు టైర్లు ఉచితం, కొన్నవాడి భార్యకి పట్టుచీర ఉచితం అన్నాడు. జనం విరగబడి కొన్నారు. ఎన్ని ఎక్కువ అమ్మితే అంత నష్టం. ఏడాది తిరిగేసరికి కంపెనీ చరిత్రలో ఎన్నడూ లేనంత నష్టం చూపించి, ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి షీల్డు అందుకున్నాడు. ప్రాణదాత మొదటి వాయిదా జూన్‌లో వచ్చింది. దాంతో అద్దాల భవనం మీద ఇంకో అంతస్తు లేచింది.

ఇదంతా జరుగుతున్నంత కాలం ప్రతి నెలా ఒకటో తారీకున నా కిటికీ ముందుకి పూడి తవిటయ్య మేస్త్రి వచ్చేవాడు. పెయింటు షాపులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. రోడ్డు మీద తిరిగే వాయువేగ బళ్ళలో సగానికి రంగు వేసింది ఆయన చెయ్యే. అన్నేళ్ళ రంగు తుంపర ఛాతీలో చేరి, నాలుగు మాటలకో దగ్గు వచ్చేది. స్ప్రే గన్ను ముట్టుకుంటే ఇక బాగుచెయ్యడం నా వల్ల కాదని డాక్టరు చెప్పేశాడు. పింఛను వస్తే ముట్టుకోనక్కర్లేదు. రాదు కాబట్టి, హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్లో రోజు కూలికి అదే గన్ను పట్టుకునేవాడు.

“ఈ నెలైనా ఒస్తాదా బాబూ” అనేవాడు. పరిశీలనలో ఉంది మేస్త్రిగారూ అనేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నాకు సిగ్గేసేది. ఆయన దగ్గుకుంటూ వెళ్ళిపోయేవాడు. నేను టీ తాగేవాణ్ణి.

వాయిదా వచ్చింది కదా, అందులోంచి పాత బాకీలు కట్టేద్దామా అని నేను ఫైలు పెట్టాను. ఎండీ గారు నన్ను పిలిపించి, కుర్చీ చూపించి, చాలా ఓర్పుగా బోధించారు.

“చూడు లోకనాథం, ఈ బాకీయే మన ఆస్తి. అది తీర్చేస్తే వచ్చే ఏడు సర్కారు దేనికి రెట్టింపు ఇస్తుంది? పాడిగేదెని ఎవడైనా సంతకి తోలతాడా?”

“పాడిగేదెకి కుడితైనా పెడతారు కదండీ” అన్నాను, నోరు జారి.

ఎండీ గారు కోప్పడలేదు. కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆ మాటలో చాలా లోతుందన్నారు. కంపెనీ రూపురేఖలు మారిపోవడానికి కారణం నేనేనని ఆయన తర్వాత చాలా సభల్లో చెప్పారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది మరి.

మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడో లెక్కగట్టే నిపుణుణ్ణి ఒకణ్ణి రాజధాని నించి రప్పించారు. ఆయన రెండు వారాలు లెక్కలు వేసి తేల్చిందేమిటంటే, ఒక వ్యాను అమ్మితే కంపెనీకి మిగిలేది మహా అయితే నాలుగు వేలు. ఒక పింఛనుదారు ఒక్క ఏడు ఎక్కువ బతికితే వచ్చేది దానికి ముప్పై రెట్లు. వ్యానుకి ఇనుము కావాలి, కరెంటు కావాలి. పింఛనుదారుకి రాగిజావ చాలు. బోర్డు మీటింగులో ఆ మాట చదవగానే డైరెక్టర్లు బల్లలు చరిచారట.

మర్నాటి నించి ముసలివాళ్ళకి పట్టిన వైభోగం ఇంతా అంతా కాదు. తెల్లారగానే కంపెనీ బస్సు వీధి వీధికీ వెళ్ళి వాళ్ళని ఎక్కించుకొచ్చేది. పెయింటు షాపులో తుంగచాపలు పరిచి ప్రాణాయామం చేయించేవారు. తర్వాత రాగిజావ, ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన. వారానికోసారి బీపీ, షుగరు. ఒకప్పుడు బండి షెడ్డు దాటి బయటికి వెళ్ళే ముందు ‘తనిఖీ అయినది’ అని చీటీ అంటించే ఇనస్పెక్టర్లే ఇప్పుడు ముసలివాళ్ళ చొక్కాలకి ఆ చీటీ అంటించి ఇళ్ళకి పంపేవారు. ఎవరైనా బీడీ ముట్టిస్తే సంస్థ ఆస్తికి నష్టం కలిగించినట్టు నోటీసు వెళ్ళేది.

కంపెనీ డాక్టరు తవిటయ్యని పరీక్షించి, ఈయన స్ప్రే గన్ను పట్టుకోవడానికి వీల్లేదని ఎర్రసిరాతో రాశాడు. తవిటయ్య ఆ కాగితం పట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు.

“పట్టుకోనని నానూ అంతన్నాను బాబూ. మరి పింఛనిస్తే పట్టుకోను గదా. పొద్దున్న మీ జావ తాగేసి, పదింటికి ఆ సెడ్డుకే ఎల్తన్నాను.”

ఆ సంగతి నేను రాసి పైకి పంపాను. మేస్త్రికి పింఛను ఇవ్వడం సాధ్యం కాదనీ, జావలో బెల్లం మాత్రం పెంచమనీ జవాబొచ్చింది.

ఉన్న పింఛనుదారులు ఎంత బతికినా మూడు వందల పన్నెండు మందే కదా. కొత్తవాళ్ళు కావాలి. అరవై నిండేదాకా ఆగితే చేతికొచ్చేదేమీ ఉండదని నిపుణుడు చెప్పాడు. మనిషి ఎంత చిన్న వయసులో రిటైరైతే అంత ఎక్కువ కాలం పింఛను బాకీ పడొచ్చు. అందుకని మొదట యాభై దాటినవాళ్ళని, తర్వాత నలభై దాటినవాళ్ళని, ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ళని రిటైరు చేశారు. స్టోర్స్‌లో ఒక పిల్లకి ఉద్యోగమూ రిటైర్మెంటూ ఒకే కవరులో ఇచ్చారు. శాలువాలు చాలక, ఒకరికి కప్పి ఫొటో తీశాక తీసి ఇంకొకరికి కప్పేవారు.

నేను ఒక మంగళవారం నాడు రిటైరయ్యాను. నాకు ముప్పై ఆరేళ్ళు. పూలదండ వేసి, గోడగడియారం ఇచ్చి, శేషజీవితం ప్రశాంతంగా గడపమని దీవించారు. బుధవారం పొద్దున్న మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని అదే పని చేశాను. జీతం లేదు, గౌరవ వేతనమని నెలకి కొంచెం చేతిలో పెట్టేవారు. పింఛను మాత్రం ఘనంగా బాకీ ఉండేది. మా ఆవిడ గడియారం గోడకి తగిలించి, ఇంటి ఖర్చు పుస్తకం నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంతకీ వ్యాన్లు ఏమయ్యాయని అడుగుతారేమో. వాటిని చేసేవాళ్ళంతా రిటైరైపోయారు. ఒకసారి చేపల వ్యాపారుల సంఘం వాళ్ళు వచ్చి ఇంకో యాభై బళ్ళు కావాలన్నారు. భానోజీ గేటు దగ్గరే ఎదురెళ్ళి, చేతులు జోడించి, తనకి పెళ్ళాం పిల్లలున్నారని చెప్పి పంపేశాడు.

మా పింఛనుదారుల సంఖ్య అయిదు నెలల్లో మూడు వందల పన్నెండు నించి పన్నెండు వందలకి పెరిగేసరికి ఉద్ధరణ శాఖకి అనుమానమొచ్చింది. లేనివాళ్ళని ఉన్నట్టు చూపిస్తున్నామేమోనని, జాయింట్ సెక్రటరీ వాచస్పతి గారు స్వయంగా వేలిముద్రల మిషను పట్టుకుని నవంబరు ముప్పయ్యో తారీకున దిగారు. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని కాగితం ఇవ్వడం మామూలే. ఇకమీదట ఆ కాగితం చెల్లదు, బొటనవేలు పెట్టాలి. మిషను ఒప్పుకుంటేనే మనిషి ఉన్నట్టు.

ముందు మేం యువ పింఛనుదారులం పెట్టాం. నా వేలు పెట్టగానే మిషను కీచుమని పచ్చదీపం వెలిగించింది. స్టోర్స్ పిల్లకీ వెలిగింది. ఎనిమిది వందల చిల్లర మందిమీ గంటన్నరలో బతికిపోయాం. తర్వాత తవిటయ్య వచ్చి కుర్చీలో కూర్చుని బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం. తుడిచి పెట్టాడు. ఎర్రదీపం. ఎడమచేతిది పెట్టాడు. అదీ అంతే.

నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వేలి కొస నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. పెయింటు షాపు వాళ్ళు పని దిగేటప్పుడు రంగు వదలడానికి చేతులు థిన్నర్‌తో కడుక్కుంటారు. రోజుకి రెండుసార్లు, ముప్పై మూడేళ్ళు. రంగుతో పాటు గీతలూ పోయాయి. ఆయన వెనకాల వరసలో ఉన్న లేతు మిషన్ల వాళ్ళ వేళ్ళూ అలాగే ఉన్నాయి, వాళ్ళవి ఇనుపరజను తినేసింది. నిజంగా పనిచేసిన ఏ చేతికీ ముద్ర లేదు. సాయంత్రానికి మూడు వందల పన్నెండు మందిలో రెండు వందల ఎనభై ఏడు మంది ఎర్రదీపం కింద తేలారు.

వాచస్పతి గారు కళ్ళజోడు సవరించుకుని పుస్తకం తెరిచారు. “యంత్రము అంగీకరించని యెడల సదరు వ్యక్తి జీవించి లేనట్లు పరిగణించబడును” అని చదివారు.

తవిటయ్యకి అప్పుడే దగ్గొచ్చింది. నిమిషంపాటు ఆగకుండా దగ్గాడు. ఇదిగోనండి, మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు, దగ్గుతున్నాడు కూడా అని నేను మనవి చేశాను.

“దగ్గును జీవన ప్రమాణముగా స్వీకరించుటకు నిబంధనలలో వీలు లేదు” అన్నారు వాచస్పతి గారు. ఆయన చెడ్డవారు కాదు. తవిటయ్యకి తన సీసాలోంచి మంచినీళ్ళిచ్చి, ఆయన్ని పోయినవాళ్ళ జాబితాలో రాసుకున్నారు.

ఇంటికి వెళుతూ తవిటయ్య నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. “అయితే నాను సచ్చిపోయినట్టేనా బాబూ?” కాగితాల ప్రకారం అంతేనన్నాను. సరే ఇంటిదాంతో సెప్తాను అని బస్సెక్కాడు.

పోయినవాళ్ళకి బాకీ ఉండదు కదా. రెండు వందల ఎనభై ఏడు మంది బాకీ పుస్తకాల్లోంచి ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయేసరికి, ఆ మొత్తమంతా కంపెనీకి లాభం కింద తేలింది. నాలుగు కోట్లు. ఆడిటరు గారు ఈసారి రాలేదు, కాగితం మనిషి చేత పంపించారు. లాభాల్లో ఉన్న సంస్థకి ప్రాణదాత వర్తించదని శాఖ నించి వారంలో ఉత్తరం వచ్చింది. భానోజీ ఆ ఉత్తరం చూసి, ఇందులో నా తప్పేమీ లేదని అడగని వాడికల్లా చెప్పాడు.

ఒక్కటే దారి. ముసలివాళ్ళు తాము బతికే ఉన్నామని అప్పీలు చేసుకోవాలి. మొదట తవిటయ్య చేస్తే మిగిలినవాళ్ళు ఆయన వెనకాలే వస్తారు. ఎండీ గారు యాపిల్ పళ్ళ బుట్ట, కొత్త శాలువా, ముగ్గురు గజిటెడ్ ఆఫీసర్లు సంతకాలు పెట్టి సిద్ధంగా ఉంచిన ఫారం తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళారు. ఆ పదవికొచ్చిన పదహారేళ్ళలో ఎండీ గారు ఒక పెయింటరు గడప తొక్కడం అదే మొదటిసారి.

తవిటయ్య అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మొహం తేటగా ఉంది. మేం కూర్చుని ఎంతసేపైనా ఆయన దగ్గలేదని నేను గమనించాను.

ఎండీ గారు చేతులు పట్టుకున్నారు. “తవిటయ్య గారూ, మీరు బతకాలి. కంపెనీ మీ మీదే ఆధారపడి ఉంది.”

“బతికితే పింఛనొస్తాదా బాబూ?”

“తప్పకుండా. పూర్తి పింఛను, పైసా తగ్గకుండా పుస్తకంలో ఉంటుంది.”

“సేతికి?”

ఎండీ గారు నా వైపు చూశారు. నేను యాపిల్ పళ్ళ వైపు చూశాను.

లోపల్నించి ఆయన భార్య సూరీడమ్మ బ్యాంకు పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. పింఛనుదారు పోతే భార్యకి సగం పింఛను ఇవ్వాలని ఒక పాత రూలుంది. ఆ డబ్బు మాత్రం కంపెనీ చేతికి దొరక్కుండా శాఖ వాళ్ళే తమ దగ్గర వేరే ఖాతాలో దాచారు. అద్దాల భవనం కట్టేటప్పుడు ఎండీ గారికి దాని తాళం దొరకలేదు. ‘కీర్తిశేషులు పూడి తవిటయ్య గారి భార్యకు’ అని రాసి, డిసెంబరు ఒకటో తారీకున, పొద్దున్న పది గంటలకల్లా, సగం పింఛను జమ అయిపోయింది.

“ముప్పై మూడేళ్ళు మీకు పని సేసినాను” అన్నాడు తవిటయ్య. గొంతులో కోపం లేదు. “రెండేళ్ళు బతికుండి మీ సుట్టూ తిరిగినాను. ఒక్క రూపాయి రాల్నేదు. సచ్చిపోయిన మర్నాడే డబ్బు ఇంటికొచ్చింది. సెడ్డు మానేసి ఇరవై రోజులైంది, రాత్రి నిద్దర పడతంది. నాకు ఇదే బాగుంది బాబూ. నన్ను బతికించీకండి.”

ఎండీ గారు చాలాసేపు బతిమాలారు. సంస్థ గౌరవమన్నారు, కార్మికుడి కర్తవ్యమన్నారు, జావలో జీడిపప్పు వేయిస్తామన్నారు. తవిటయ్య వినయంగా అన్నీ విని, పోయినవాడు సంతకం పెట్టకూడదు గదా బాబూ అన్నాడు. యాపిల్ పళ్ళు మాత్రం సూరీడమ్మ తీసుకుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు పళ్ళు తేవడం మామూలేనంది.

మిగిలిన రెండు వందల ఎనభై ఆరు మందిలో ఒక్కరూ అప్పీలు పెట్టుకోలేదు. మార్చిలో కంపెనీ మూతపడింది. మూతపడిన కంపెనీకి బాకీ ఉంటుంది గాని, ఇచ్చేవాడు ఉండడు. వేలిముద్ర స్పష్టంగా పడినందువల్ల నేను ఇంకా ఎన్నేళ్ళు బతుకుతానో, నాకు ఎంత బాకీ పడతారో నిపుణుడి లెక్కలో పైసలతో సహా ఉంది. ఆ కాగితం మా ఆవిడకి చూపించాను. ఆవిడ చదివి, సంచీ తీసుకుని బజారుకి వెళ్ళింది.

సాయంత్రం నేను కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, కుళాయి గట్టు మీద సబ్బు లేదు. దాని చోట చిన్న డబ్బాతో థిన్నర్ ఉంది. ఇదేమిటని అడిగాను. రోజుకి రెండుసార్లు కడుక్కోండి, అశ్రద్ధ చెయ్యకండి, ఇప్పట్నించి మొదలుపెడితే మీకు అరవై తొమ్మిది వచ్చేసరికి అయిపోతుంది అంది మా ఆవిడ.